ఆర్డిత్ ఇచ్చిన మూడు నక్షత్రాలు

మంచి పని ఏదైనా పదిమందీ కూర్చుని ఒక్క పూటలో తెమిల్చేయాలని ఆ చర్చి ఆడవాళ్ల నమ్మకం. దిక్కులేని పిల్లలకు బొంతలు కుట్టినా అంతే, చావు జరిగిన ఇంటికి వంట పంపినా అంతే. అందుకే తమలో ఒకతె అయిన ట్వైలా రాసిన నవల అచ్చయి వచ్చి, దానికి పాఠకుల అభిప్రాయాలు కావాలని తెలిసినప్పుడు వాళ్లకు వేరే ఆలోచన రాలేదు. నెలలో రెండో మంగళవారం చర్చి కింది హాల్లో కాఫీ కాచారు. నిమ్మకాయ కేకు ముక్కలు కోసి పెట్టారు. చర్చి ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు వరస కట్టారు.

చర్చి లైబ్రరీ తాళంచెవి ముప్పై ఏళ్లుగా మెడలో వేసుకు తిరిగే కార్లిస్ అందరి పేర్లూ పుస్తకాలమ్మే వెబ్‌సైట్‌లో తనే నమోదు చేసింది. ఒక్కొక్కరే కుర్చీలో కూర్చుని చూపుడువేలితో అక్షరాలు వెతుక్కుంటూ రాశారు. మొత్తం పదకొండు మంది. అందులో పుస్తకం చివరిదాకా చదివినవాళ్లు నలుగురు. 'చెడ్డమాట ఒక్కటి లేదు, మనవరాలి చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు' అని ఆరుగురు రాశారు. ఎందుకంటే మొదటామె అలా రాసింది, వెనకాల నిలబడి చదివినవాళ్లకు ఆ మాట నచ్చింది. ఒకామె అట్టపెట్టె నలగకుండా వచ్చినందుకు మెచ్చుకుంది. ఎనభై ఎనిమిదేళ్ల డెల్ఫీన్ అయిదు నక్షత్రాలకుగాను ఒకే ఒక్కటి ఇచ్చింది. అదేమిటమ్మా అంటే, "ఒకటో బహుమతి కంటే పెద్దదేముందే?" అంది. పెద్దావిడతో వాదన ఎందుకని ఊరుకున్నారు.

శుక్రవారానికి ఆ పదకొండూ మాయమయ్యాయి. ఒకే ఊరు, ఒకే కంప్యూటర్, ఒకే పూట, ఇంచుమించు ఒకే మాటలు. ఎవరో కూలికి రాయించిన దొంగ అభిప్రాయాలనుకుని వెబ్‌సైట్ వాళ్లు తుడిచిపారేశారు. పాపం, ఆ ఆడవాళ్లు జన్మలో ఒకరి గుండుసూది ముట్టి ఎరగరు.

ఆ పుస్తకం కింద ఇప్పుడు ఒకే ఒక్క అభిప్రాయం మిగిలింది. అది ఆర్డిత్‌ది. మంగళవారం ఆమె పన్ను పీకించుకుని బుగ్గ వాచి ఇంట్లో ఉండిపోయింది. మర్నాడు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కూతురు కొనిచ్చిన ఫోన్‌లో తన పేరుతో తనే రాసుకుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అయిదు నక్షత్రాలకు మూడే ఇచ్చింది.

'గుర్రాల సంగతి సరిగ్గా రాశారు. రొట్టె సరిగ్గా ఉంది. మంచు తుఫాను చదువుతుంటే లేచి స్వెటర్ వేసుకున్నాను. కానీ రెండువందల పన్నెండో పేజీలో, తను నమ్మి వచ్చిన ఉత్తరాలు మొగుడు రాసినవి కావనీ, ఆడపడుచు రాసిందనీ పెళ్లికూతురికి తెలుస్తుంది. రెండువందల పదమూడో పేజీలో వాగు ఒడ్డున మోకరించి ఇద్దరినీ క్షమించేస్తుంది. రాత్రి భోజనానికి అందరూ కలిసి నవ్వుకుంటారు. ఆ ఆడపడుచు క్షమించమని అడగనే లేదు. అడగనిదాన్ని ఈమె ఎలా ఇచ్చేసిందో నాకు అర్థం కాలేదు. ఇలా ఉత్తరాలు చూసి వచ్చిన పెళ్లికూతురు ఒకామె నాకు బాగా తెలుసు. ఆమెకు మొగుణ్ణి క్షమించడానికి పదకొండేళ్లు పట్టింది.'

అంతే రాసింది. ఆడపడుచును క్షమించడానికి ఎన్నేళ్లు పట్టిందో రాయలేదు. ఆ లెక్క ఇంకా తెగలేదు కాబట్టి.

ట్వైలా ఎవరో కాదు, ఆర్డిత్ మొగుడు మెర్ల్‌కు స్వయానా చెల్లెలు.

డెబ్బై నాలుగులో ఆర్డిత్‌కు ఇరవై మూడేళ్లు. విస్కాన్సిన్‌లో జున్ను ఫ్యాక్టరీలో పని చేసేది. సంఘం వాళ్ల పత్రికలో, ఉత్తరాల స్నేహం కోరేవాళ్ల పేర్లు వేసే పేజీలో మెర్ల్ పేరు చూసింది. నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో పశువుల కమతం, వయసు ఇరవై ఎనిమిది, దేవుడి భయం గలవాడు. రాసింది. జవాబు వచ్చింది. ఎనిమిది నెలల్లో పద్నాలుగు ఉత్తరాలు. 'ఇక్కడ గాలి గడ్డిని తల్లి బిడ్డ తల నిమిరినట్టు నిమురుతూ పోతుంది' అని ఒకదాంట్లో ఉంది. ఆ ఒక్క వాక్యానికి ఆర్డిత్ ఫ్యాక్టరీ పని మానేసి, పెట్టె సర్దుకుని, ఎనిమిది వందల మైళ్లు బస్సులో వచ్చి మెర్ల్‌ను పెళ్లాడింది.

వచ్చాక చూస్తే మొగుడికి రోజుకు పది మాటలే ఎక్కువ. సిగ్గేమో అనుకుంది. మూడు నెలలకు అత్తగారి పుట్టినరోజు వచ్చింది. ట్వైలా కార్డు మీద శుభాకాంక్షలు రాస్తుంటే ఆర్డిత్ ఆ చేతిరాత చూసి నిలబడిపోయింది. అది పసిగట్టిన ట్వైలా, అప్పుడు పంతొమ్మిదేళ్ల పిల్ల, బల్ల చుట్టూ చుట్టాలందరూ ఉండగా ఫకాలున నవ్వింది. "వాడికి రాయడం ఎక్కడొచ్చు వదినా? ఆ ఉత్తరాలన్నీ నావే! నువ్వు నన్ను చూసి మనసు పడ్డావు!" అంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆర్డిత్ కూడా నవ్వింది.

ఆడబిడ్డ అర్ధమొగుడని మనం వేళాకోళానికి అంటాం. ఆర్డిత్ కాపురంలో అది అర్ధంతో పోలేదు, ప్రేమ మాటల మేరకు మొత్తం మొగుడు ఆడపడుచే. ఆ తరవాత యాభై ఏళ్లు ఆ ఇద్దరూ ఒకే చర్చిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఒకరి పురిటికి ఒకరు వెళ్లారు. ట్వైలా మొగుడు పోయినప్పుడు ఆర్డిత్ పదిహేను రోజులు ఆమె ఇంట్లోనే పడుకుంది. ఆ నవ్వు మాత్రం ఆర్డిత్ లోపల ఎక్కడో విరిగిన ముల్లులా ఉండిపోయింది. ఆమెకు కావలసింది ఒకే ఒక్కటి. ఎప్పుడో ఒకప్పుడు ట్వైలా తన మొహం చూసి, తప్పు నాది, క్షమించు అనాలి. అడిగి అనిపించుకుంటే విలువ లేదని ఆమె అడగలేదు. ట్వైలాకు అది గుర్తే లేదేమో అని సరిపెట్టుకుంది.

గుర్తుందని నవల చదివాక తెలిసింది. కథ పద్దెనిమిది వందల ఎనభై మూడులో జరుగుతుంది. పెళ్లికూతురు పేరు జోసఫీన్, ఫిలడెల్ఫియాలో టోపీలు కుడుతుంది, బస్సుకు బదులు రైల్లో వస్తుంది. గాలి మాత్రం అదే గాలి. తల్లి బిడ్డ తల నిమిరినట్టు. ఆర్డిత్ ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, కోళ్లకు మేత వేసి వచ్చి, మళ్లీ తెరిచి చదివింది. రెండుసార్లు చదివాకే రాసింది.

ఆదివారం ప్రార్థన ముగిసి గుమ్మం దగ్గర అందరూ కోట్లు తొడుక్కుంటుంటే కార్లిస్ వచ్చి ఆర్డిత్ మోచెయ్యి పట్టుకుంది.

"ఏమ్మా, ఆ మూడుని అయిదు చెయ్యకూడదూ? రెండు చుక్కలు పెడితే నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధ సాక్ష్యం పలకొద్దని నువ్వే కదా ఆదివారం బడిలో నా పిల్లలకి నేర్పావు?"

"ఇది సాక్ష్యమా? పుస్తకం! మొదటి ఆరు వారాల్లో పాఠకులేమన్నారో చూసి గానీ రెండో నవల వెయ్యరట. పాపం, ట్వైలా మొగుడు పోయినప్పటినించీ రాసుకుంటోంది. ఉన్నదల్లా నీ మూడే, అదీ మెత్తగా లేదాయె."

"మీ పదకొండు మందీ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, చదివి రాసుంటే ఇప్పటికీ ఉండేవి."

కార్లిస్‌కు చురుక్కుమంది. "సరేలే, తెలివితక్కువ పని చేశాం. క్షమించడం గురించి నువ్వు రాసిందేంటి మరి? అడిగితేనే ఇవ్వాలా? సిలువ మీద ప్రభువు ఎవరైనా అడిగారని క్షమించాడా?"

"ప్రభువుకి ఆడపడుచు లేదు కార్లిస్," అంది ఆర్డిత్, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వబోయి ఆపుకున్నారు. ఆ మాటతో, ఆమెకు తెలిసిన ఆ పెళ్లికూతురు ఎవరో అందరికీ అర్థమైపోయింది. మూడొందల మంది ఉన్న ఊరు, నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి పెట్రోలు బంకులో కూడా అదే మాట. కొందరు ట్వైలా పక్షం, కొందరు ఆర్డిత్ పక్షం, ఎక్కువమంది ఎవరి ఎదుట ఉంటే వాళ్ల పక్షం. పాస్టరు గారు ఫోన్ చేసి, సమాధానపడితే బాగుంటుందేమోనమ్మా అన్నారు. నేనూ అదే కోరుకుంటున్నానండి, యాభై ఏళ్లుగా, అని ఆర్డిత్ పెట్టేసింది.

ఆమెకు భయం లేదని కాదు. ఆ వయసులో ఉన్న ఒక్క స్నేహితురాలూ పోతే మళ్లీ దొరకదు. ఆ వారం ట్వైలా ఫోన్ చేయలేదు. ఆ పై వారమూ చేయలేదు. చర్చిలో వేరే బల్ల మీద కూర్చుంది. ఆర్డిత్ ఒకటి రెండుసార్లు ఫోన్ తీసి ఆ మూడు నక్షత్రాల మీద వేలు పెట్టి చూసింది. ఇంకో రెండు నొక్కితే అంతా పూర్వంలా అయిపోతుంది. పూర్వం కూడా తనకు బాగాలేదన్న సంగతి గుర్తొచ్చి ఫోన్ బోర్లా పెట్టేసింది.

అయిదో వారంలో ఒక ఉదయం ట్వైలా కారు వాకిట్లో ఆగింది. ఒట్టి చేతులతో లోపలికి వచ్చింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు గిన్నె లేకుండా గడప తొక్కారంటే యుద్ధానికని అర్థం.

"వదినా, అది తీసెయ్."

"కూర్చో. కాఫీ ఉంది."

"కాఫీకి రాలేదు నేను."

"కూర్చోడానికి కాఫీ తాగక్కర్లేదులే."

ట్వైలా కూర్చోలేదు. ఫోన్ తీసి ఆర్డిత్ మొహం ముందు పెట్టింది. "ఇదిగో, మా ప్రచురణకర్త పంపింది చూడు. నువ్వు రాసినదాని కింద జనం చేరి పంచాయితీ పెట్టారు. టెన్నెస్సీ నించి ఎవరో అడుగుతోంది, ఆ ఆడపడుచు చివరికి క్షమించమని అడిగిందా అని. ఒహాయోలో ఇంకొకతె, అడిగే రకమైతే పుస్తకంలోనే అడిగేదిగా అంటోంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు నన్ను ఆడిపోసుకుంటున్నారు!"

"నువ్వేనని వాళ్లకి తెలీదుగా."

"నాకు తెలుసుగా!"

"తెలుసా?" అంది ఆర్డిత్. గొంతు పెంచలేదు. "నీకు తెలీదేమోనని యాభై ఏళ్లు సమాధానం చెప్పుకున్నానే నాకు నేను. తెలిసే ఊరుకున్నావా?"

ట్వైలా నెమ్మదిగా కుర్చీ లాక్కుంది.

"నువ్వు నవ్వావు వదినా. ఆ రోజు అందరితో పాటు నువ్వూ నవ్వావు. బాధపడితే నవ్వుతారా ఎవరైనా?"

"ఇరవై మూడేళ్ల పిల్లని. మా అమ్మ ఎనిమిది వందల మైళ్ల దూరంలో ఉంది. బల్ల చుట్టూ పద్నాలుగు మంది మీవాళ్లు. నవ్వక ఏం చెయ్యను, కేకు ముక్క విసిరికొట్టనా?"

"నేనేం అబద్ధం రాయలేదు. అన్నయ్య మనసులో ఉన్నదే రాశాను. వాడికి మాటలు రావు, నాకొచ్చు."

"మీ అన్నయ్య మనసులో గాలి గురించి ఏమీ లేదు. ఎన్నిసార్లు అడిగానో! గాలంటే కంచెలు పడేస్తుంది అన్నాడు."

ఇంకో రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ట్వైలా పెదవి కదిలి ఆగిపోయింది.

"సరే, వాణ్ణి క్షమించావుగా? పదకొండేళ్లకైనా క్షమించావు. రాయించుకున్నవాడు మంచివాడైపోయాడు, రాసిపెట్టిన నేను చెడ్డదాన్నా?"

"ఆయన అడిగాడు."

"ఎవరు, మా అన్నయ్యా? నోరు విప్పి?"

"కాగితం మీద. ఎనభై అయిదు ఫిబ్రవరిలో నేను నిద్ర లేచేసరికి ఈ బల్ల మీద ఉంది." ఆర్డిత్‌కు అది కంఠతా వచ్చు. చదివినట్టే చెప్పింది. "'ఆ ఉత్తరాలు నావి కావు. నువ్వు వాటిని చూసి వచ్చావని తెలిసీ నోరు మూసుకున్నాను. అది తప్పు. నన్ను క్షమించు. ఎర్రావు ఈనేలా ఉంది, ఆలస్యమవుతుంది, నువ్వు తినెయ్యి.' అంతే. నీ పద్నాలుగు ఉత్తరాలూ ఆ రోజు పొయ్యిలో వేశాను. బాగా రాశావే, అందంగా రాశావు. కానీ నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇది."

పక్క గదిలో మెర్ల్ పేపరు మడిచిన చప్పుడైంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, కర్ర పట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చెల్లెలి వంక చూశాడు.

"అడుగు ట్వైలా. అడిగితే చచ్చిపోం. నేను పోలేదుగా."

వచ్చిన దారినే వెళ్లి మళ్లీ పేపరు తెరుచుకున్నాడు. ఆ రోజుకు ఆయన మాటలు అయిపోయాయి.

నాలుగొందల పేజీలు రాసిన మనిషికి ఒక్క వాక్యం కుదరలేదు.

"నా వల్ల నీకేమైనా బాధ కలిగి ఉంటే..."

"ఉంటే కాదు," అంది ఆర్డిత్.

"చిన్నపిల్లని వదినా అప్పుడు, బుద్ధి తెలియక..."

"పుస్తకం రాసేటప్పటికి డెబ్బైకి దగ్గర పడ్డావు."

ఆ మాటకు ట్వైలా మొహం కందిపోయింది. లేచి వెళ్లిపోతుందేమోనని ఆర్డిత్‌కు భయమేసింది. ఆగు, పోనీలే అనేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఇంతకాలం పోనీలే అన్నందుకే కదా ఇక్కడిదాకా వచ్చింది.

ట్వైలా లేవలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఆర్డిత్ వైపు తిరిగింది.

"నీకు అబద్ధం రాశాను. నువ్వు నమ్మి వచ్చావు. వచ్చాక నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. నువ్వు నవ్వుతున్నా నీ కళ్లు నవ్వలేదు. నేను చూశాను వదినా, చూసి కూడా మాట మార్చేశాను. ఇప్పుడు పుస్తకంలో నీ చేత నన్ను నేనే క్షమింపజేసుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించు."

ఆర్డిత్ యాభై ఏళ్లు ఈ మాటల కోసం చూసింది. ఇవి వింటే గుండె మీద బరువు దిగిపోతుందని, ఇద్దరూ కావలించుకుంటారని, ఏవేవో అనుకుంది. ఏడుపైతే వచ్చింది. బరువు దిగలేదు. పైగా అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చి కోపం ఇంకా ఎక్కువైంది. ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుని ఉన్నమాట చెప్పేసింది.

"పోలేదే. నువ్వు అడిగితే చాలు, పోతుందనుకున్నా. పోలేదు. నీ జుట్టు పట్టుకుని ఊపెయ్యాలని ఉంది నాకు."

"ఊపెయ్," అంది ట్వైలా, ముక్కు చీదుకుంటూ. "ఇంకేం చెయ్యమంటావు?"

"గురువారాలు రొట్టె చేస్తాను కదా. వచ్చి కూర్చో. పోయేదాకా రా."

"పోకపోతే?"

"అయినా రావాలి."

ట్వైలా తల ఊపింది. కళ్లజోడు పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఎంతైనా రాసే మనిషి కదా, ఆశ చావదు.

"మరి నక్షత్రాలు?"

"మూడే. పుస్తకం మారలేదుగా. ఆ పేజీ మార్చి రాయి, అప్పుడు చూద్దాం."

రెండో నవల సంగతి ప్రచురణకర్తలు ఇప్పటికీ తేల్చలేదు. ఆ మూడు నక్షత్రాలూ అక్కడే ఉన్నాయి. టెన్నెస్సీ ఆమె అడిగిన ప్రశ్న కింద ఆర్డిత్ ఒక్క ముక్క రాసింది. 'అడిగింది. కష్టపడి అడిగింది.'

ఆ మొదటి గురువారం తెల్లవారేసరికి మోకాలి లోతు మంచు. ఊరి రోడ్డు మూసేశారని రేడియోలో చెప్పారు. ఇవాళ రాదులే అని మెర్ల్ అన్నాడు. ఆర్డిత్ పిండి కలిపి మూత పెట్టింది. పది గంటలకు కొట్టాం అవతల నుంచి ఏదో రొద వినిపించింది. కిటికీ తుడిచి చూస్తే, డెబ్బై ఏళ్ల ట్వైలా కళ్లు తప్ప ఏమీ కనపడకుండా శాలువాలు చుట్టుకుని, చచ్చిపోయిన మొగుడి పాత ట్రాక్టరు మీద ఆరు మైళ్ల మంచు తవ్వుకుంటూ వస్తోంది.

ఆర్డిత్‌కు కోపం అలాగే ఉంది. వెళ్లి తలుపు తీసింది.